"సగటున పెరిగింది" అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా

పోయిన వీడియోలో జీవామృతంతో వేరుశనగ దిగుబడి సగటున పెరిగిందని చెప్పా. అది సగం నిజమే.

జీవామృతం, ఆచ్ఛాదన, నీటి తడి. ఈ మూడూ ఇస్తే, ఇవ్వకుంటే అని 8 రకాలు. ఒక్కోటి 3 మడుల్లో, చీటీలు తీసి 24 మడులు వేశాం. అనోవా లెక్కలో మూడింటి ఇంటరాక్షన్ గట్టిగా తేలింది. అంటే జీవామృతానికి ఆచ్ఛాదన ఇచ్చే తోడు తడి మడుల్లో ఒకలా, వర్షాధారంలో ఇంకోలా ఉందన్నమాట. అలాంటప్పుడు ఒకే సగటు చెప్పకూడదు. తడికి ఒక పట్టిక, వర్షాధారానికి ఇంకో పట్టిక వేసి విడిగా చూడాలి. ఒక్క సీజన్‌తో తీర్పు ఇవ్వకుండా మళ్లీ వేసి చూడాలి.

నా సగటు నమ్మి మెట్ట రైతు నష్టపోతే, ఆ నష్టాన్ని మనమెవరం పంచుకోం. ఆయన ఒక్కడే మోయాలి.