మందుతో పాటు రెండు మాటలూ ఇవ్వాలి

ఖమ్మంలో మందుల షాపు నడుపుతున్నాను. ఆందోళనకు ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టినవాళ్లు కొందరు వారం తిరక్కుండానే మాత్రలు వెనక్కి తెస్తారు. "కడుపులో తిప్పుతోందమ్మా, గుబులు ఇంకా పెరిగింది" అంటారు. మొదట్లో ఇవి మామూలేననీ, చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయనీ, గుణం పూర్తిగా తెలియడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చనీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోవచ్చు. నిద్ర చెడితే వేళ మార్చమని డాక్టరును అడగాలి. దాంపత్యంలో ఆసక్తి తగ్గినా సిగ్గుపడకుండా చెప్పాలి. మోతాదో, మందో మార్చే వీలుంది. సొంతంగా మాత్రం ఆపకూడదు. హఠాత్తుగా మానేస్తే తల తిరగొచ్చు, కరెంటు కొట్టినట్టు జిల్లుమనొచ్చు. ఆందోళనకే ఇచ్చే మరో మందు అల్ప్రాజోలామ్‌ను చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

ఇవన్నీ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చీటీ రాసే డాక్టర్లూ, మందిచ్చే మేమూ ఆ సమయం ఇచ్చి తీరాలి. ఈ వివరాలన్నీ తెలుగులో అచ్చేసిన కాగితాన్ని మందుతో పాటు ఇవ్వడాన్ని ప్రభుత్వం తప్పనిసరి చేయాలి.