అక్కడ సాక్ష్యం, ఇక్కడ నేరం

భార్యాభర్తలు మాట్లాడుకున్నది ఒకరికి తెలియకుండా మరొకరు రికార్డు చేసినా, విడాకుల కేసులో దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులై 14న మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది చదివి, "ఇక ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చన్నమాట" అని నాతో అన్నవాళ్లున్నారు. యూఏఈలో ఉంటూ అలా అనుకుంటే మాత్రం ప్రమాదం.

2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఇక్కడి సైబర్ నేరాల చట్టంలో 44వ ఆర్టికల్ చూడండి. అనుమతి లేకుండా ఒకరి మాటలు రికార్డు చేయడం, రహస్యంగా ఫొటోలు తీయడం, వాటిని ఇతరులకు పంపడం నేరం. కనీసం 6 నెలల జైలు, 1,50,000 నుంచి 5,00,000 దిర్హాముల జరిమానా, లేదా ఈ రెండింటిలో ఒకటి పడుతుంది.

మొగుడూ పెళ్లాల మధ్య ఇవన్నీ ఏమిటంటారా? 2016లో అజ్మాన్‌లో ఒక ప్రవాస మహిళ, భర్త మీద అనుమానంతో అతని ఫోన్ తెరిచి ఫొటోలు తన ఫోన్‌కు పంపుకుంది. భర్త ఫిర్యాదు చేశాడు. కోర్టు ఆమెకు 1,50,000 దిర్హాముల జరిమానా వేసి, దేశం నుంచి పంపేయమంది. అప్పటికి ఉన్నది 2012 నాటి పాత చట్టం.

మన దగ్గరా ఈ విషయంలో ఎప్పుడూ ఒకే మాట లేదు. అమెరికాలో భార్య ఇతరులతో మాట్లాడిన మాటలను రికార్డు చేసి భర్త కోర్టుకు తెస్తే, అది చట్టవిరుద్ధమని, ఆమె గోప్యతకు భంగమని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. ఇప్పుడు సుప్రీంకోర్టు చూసింది దంపతులు తమలో తాము మాట్లాడుకున్న మాటల సంగతి. అదీ సాక్ష్యంగా పనికొస్తుందా లేదా అన్నంతవరకే. నిఘా పెట్టేదాకా వచ్చిందంటే ఆ కాపురంలో నమ్మకం అప్పటికే పోయిందని కూడా కోర్టు అంది. దాన్ని నిఘాకు అనుమతిగా చదువుకోకూడదు.

నిజంగా బాధపడుతున్న ఆడవాళ్లకే ఇందులో ఎక్కువ నష్టం. హైదరాబాద్ కోర్టులో చూపిద్దామని దుబాయ్‌లో చేసిన రికార్డింగ్ వల్ల, ఫిర్యాదు చేయాల్సిన మనిషే నిందితురాలవుతుంది. వీసా పోతే పిల్లల చదువు, వాళ్ల దగ్గర ఉండే అవకాశం కూడా పోతాయి.

మరి ఏం చేయాలి? మీకు నేరుగా వచ్చిన బెదిరింపు మెసేజ్‌లు చెరపకండి, ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. ఎదుటివారి ఫోన్ జోలికి వెళ్లకండి. కొట్టినా, బెదిరించినా 999కి ఫోన్ చేయండి. దుబాయ్‌లో మహిళల కోసం 800111 ఉంది. రికార్డింగ్ బటన్ నొక్కకముందే ఇక్కడి లాయర్‌ని ఒక మాట అడగండి.