గడ్డ ఒకటే, కణితులు రెండు

అండాశయంలో గడ్డ ఉందని స్కానింగ్‌లో తేలగానే ఇంట్లో అందరూ అడిగేది ఒక్కటే: మామూలు గడ్డా, క్యాన్సరా? ఒకే గడ్డలో రెండు రకాల కణితులు ఉండవచ్చన్న ఆలోచన ఎవరికీ రాదు. అరుదే అయినా అలా జరుగుతుంది. వేర్వేరు రకాల కణితులు పక్కపక్కనే పెరిగి, ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఉంటే వైద్యులు వాటిని ‘కొలిజన్ ట్యూమర్’ అంటారు.

అండాశయం చిన్న అవయవమే. కానీ అందులో పైపొర కణాలు, అండాలుగా మారే బీజకణాలు, హార్మోన్లు తయారుచేసే కణాలు ఉంటాయి. ఒక్కోదాని నుంచి ఒక్కో రకం కణితులు పుడతాయి. బీజకణాల నుంచి వచ్చే డెర్మాయిడ్ తిత్తిలో కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి. దానికి జతగా ఎక్కువగా కనిపించేది జిగట ద్రవంతో నిండిన మ్యూసినస్ కణితి. (ఈ రెండూ ప్రతిసారీ విడివిడిగా పుట్టినవి కావు. కొన్ని మ్యూసినస్ కణితులు డెర్మాయిడ్ కణాల నుంచే వచ్చాయని జన్యు పరీక్షలు చూపాయి.)

చిక్కల్లా డెర్మాయిడ్ కంటికే తెలిసిపోవడంతో వస్తుంది. కోయగానే జుట్టు కనిపిస్తే ఇంకా వెతకడమెందుకు అనిపిస్తుంది. డెర్మాయిడ్లలో క్యాన్సర్‌గా మారేవి సుమారు 1 నుంచి 2 శాతమే కాబట్టి ఆ ధీమా చాలాసార్లు చెల్లుతుంది కూడా. చెల్లని సందర్భంలో, పక్కనే మందంగా ఉన్న గోడ నుంచి ముక్క తీయకపోతే రిపోర్టులో ‘డెర్మాయిడ్’ అన్న ఒక్క మాటే మిగులుతుంది. గడ్డ వెడల్పులో ప్రతి సెంటీమీటరుకు కనీసం ఒక ముక్క చూడాలన్నది పాథాలజీలో స్థిరపడిన పద్ధతి. పెద్ద మ్యూసినస్ గడ్డలకు రెండేసి. ల్యాబులో ఎంత రద్దీ ఉన్నా ఈ లెక్క తగ్గించకూడదు.

ఎందుకంటే మందులు మారిపోతాయి. పైపొర క్యాన్సర్‌కు సాధారణంగా కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ ఇస్తారు. బీజకణ క్యాన్సర్‌కైతే బ్లియోమైసిన్, ఎటోపొసైడ్, సిస్‌ప్లాటిన్. రెండోదాన్ని చూడకపోతే దానికి తగిన చికిత్సే మొదలుకాదు.

అందుకే తీసిన గడ్డ మొత్తం ల్యాబుకు వెళ్లాలి, ఎన్ని ముక్కలు చూశారో రిపోర్టులో ఉండాలి. జిల్లా ఆసుపత్రి నుంచి నగరానికి వెళ్లే రోగి స్కాన్ ఫిల్ములు భద్రంగా పట్టుకెళ్తుంది. మైనంలో దాచిన కణజాలపు బ్లాకుల సంగతి ఆమెకు తెలియదు. వాటిని అడిగి తీసుకుని మరోచోట మళ్లీ చూపించుకోవచ్చని డిశ్చార్జి రోజునే ఆమెకు చెప్పాలి.