ఇంగ్లీషు చదువు – ఇంటి నుడి

గత సంవత్సరము పాఠశాల తెరచిన దినములలో ఒక తండ్రి తన కుమారుని టి.సి. కొఱకు నా యొద్దకు వచ్చెను. వచ్చిన పని చెప్పుటకు మిక్కిలి సంకోచించి, తుదకు, "అయ్యవారూ! తెలుగంటే మాకు అయిష్టము కాదు. పిల్లవాడికి ఇంగ్లీషు రాకపోతే రేపు అన్నము పుట్టదు గదా!" అనెను. ఆ మాటలో అసత్యము లేదు. ఆనాడు నాకు తగిన సమాధానము తోచలేదు. అప్పటినుండి ఆలోచింపగా, ఈ ప్రశ్నను మనకంటె కఠినముగా ఎదుర్కొన్న జాతి యొకటి కలదని తెలిసికొంటిని. అది కంబోడియాలోని ఖ్మేరు జాతి.

వారు మనకు పూర్తిగా పరాయివారు కారు. ఖ్మేరు లిపియు, మన తెలుగు లిపియు దక్షిణ భారతదేశపు బ్రాహ్మీ శాఖలనుండి పుట్టినవే. తేదీ గల తొలి ఖ్మేరు శాసనము క్రీ.శ. 611 నాటిది, మన కడప సీమలోని కలమళ్ళ శాసనము అంతకు కొలది దశాబ్దములు ముందుది. మనకు వత్తులున్నట్లే వారికిని అక్షరము క్రింద వ్రాయు అక్షరములు కలవు. వానిని "పాదము" అను అర్థము గల మాటతో పిలుతురు. గురువును "క్రూ" అందురు. పెద్దలు కనబడినచో చేతులు జోడింతురు. పరిచయము లేనివారినైనను వయస్సును బట్టి అన్న, పిన్ని, తాత అను వరుసలతోనే పలుకరింతురు.

1863 నుండి 1953 వరకు ఆ దేశము ఫ్రెంచివారి ఏలుబడిలో నుండెను. కచేరీలలోను, పై చదువులలోను ఫ్రెంచి భాషయే రాజ్యము చేసినది. 1943లో ఫ్రెంచి పాలకులు ఒక అడుగు ముందునకు వేసి, ఖ్మేరు భాషను రోమను అక్షరములతో వ్రాయవలెనని నిర్ణయించిరి. అది సులభమనియు, నవనాగరకమనియు వారి వాదము. బౌద్ధ భిక్షువులు దానిని గట్టిగా ప్రతిఘటించిరి. 1945లో ఆ ప్రయత్నము విరమింపబడినది.

ఆ కాలమున ఖ్మేరు భాషను నిలిపిన వారిలో అగ్రగణ్యుడు చువోన్ నాత్ అను భిక్షువు. ఆయన నిఘంటువు మొదటి భాగము 1938లోను, రెండవ భాగము 1943లోను వెలువడినవి. అట్టి మహనీయుడు పరవిద్యను ద్వేషించినవాడు కాడు. హానోయి నగరములోని ఫ్రెంచివారి విద్యాసంస్థకు పోయి సంస్కృతము చదివెను. అచ్చట గడించిన జ్ఞానమును తెచ్చి తన భాషకు ధారపోసెను. నేడు ఖ్మేరువారు మోటారుబండిని "రథయంత్రము" అను సమాసముతోను, గ్రంథాలయమును "ఆకుల ఇల్లు" అను అర్థము గల పాళీ సమాసముతోను పిలుచుచున్నారు.

తరువాత ఆ దేశమునకు ఘోరవిపత్తు సంభవించినది. 1975–79 నడుమ ఖ్మేర్ రూజ్ పాలనలో సుమారు 17 లక్షలమంది మరణించిరని అంచనా. బడులు మూతబడినవి, ఉపాధ్యాయులలో అనేకులు హతులైరి. 1980 దశకములో ప్రభుత్వము ఇంగ్లీషు బోధనను అంగీకరింపకుండుటచే, కొందరు ఇండ్లలో రహస్యముగా నేర్చుకొనిరి. 1992–93లో ఎన్నికలు జరిపించుటకు ఐక్యరాజ్యసమితివారు రాగా, ఇంగ్లీషు వచ్చినవారికి ఉద్యోగములు దొరకినవి. 1999లో కంబోడియా ఆసియాన్ కూటమిలో చేరినది. ఆ కూటమి కార్యకలాపములకు భాష ఇంగ్లీషే. కావున అచ్చటి యువకులు ఇంగ్లీషు కోరుట వ్యామోహము కాదు, జీవనావసరము. దానిని నిందించు హక్కు మనకు లేదు.

అయినను, తమ బిడ్డలు ఇంగ్లీషు ధారాళముగా మాటలాడుచు ఖ్మేరు అక్షరములు తప్పులు లేక వ్రాయజాలకున్నారని అచ్చటి పెద్దలు కొందరు చింతించుచున్నారు. ఇచ్చటనే మనము ఒక భేదమును గుర్తింపవలెను. ఒక భాషను చేర్చుకొనుట వేఱు; ఒక భాషను ఖాళీ చేయుట వేఱు. ఇంగ్లీషు పాఠము మాతృభాషకు హాని చేయదు. లెక్క, ఉత్తరము, వాదము, కథ అన్నియు పరభాషకు అప్పగించి, మాతృభాషను వంటయింటి పిలుపులకు మాత్రమే ఉంచుకొన్ననాడు హాని ఆరంభమగును. ఇంగ్లీషులో తాతనైనను, తోటివానినైనను ఒక్క "యూ" తోనే పిలువవచ్చును. ఆ పిలుపు నేర్చిన బాలుడు ఇంటికి వచ్చి వరుసలు మరచినచో, పోయినది మాట యొక్కటే కాదు, మర్యాద కూడ.

మన స్థితి వారికంటె ఒక విధముగా కష్టతరము. ఖ్మేరు వారి దేశమునకు అధికారభాష. 1993 నాటి రాజ్యాంగములోని 5వ అధికరణము దానికి రక్ష. మనమో, తమిళనాట తెలుగువారము. అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించుటకు తగిన ఏర్పాట్లు చేయవలెనని మన రాజ్యాంగములోని 350ఏ అధికరణము చెప్పుచున్నది. కాని బడిలో పిల్లలు లేనిచో అధికరణము ఏమి చేయగలదు? వీధిలో తమిళము, పుస్తకములో ఇంగ్లీషు ఉండనే ఉన్నవి. తెలుగునకు మిగిలినవి ఈ బడియు, మీ యిల్లును మాత్రమే. నేను చిత్తూరులో శిక్షణ పొందిన దినములలో తెలుగు చుట్టును గాలివలె ఉండెడిది. దానిని కాపాడవలెనను తలంపే రాలేదు. ఇచ్చటికి వచ్చిన పిదపనే ఆ తలంపు కలిగినది.

విద్యార్థులారా! ఇంగ్లీషు శ్రద్ధగా నేర్చుకొనుడు. అందులో చదివిన విజ్ఞానపాఠమును రాత్రి మీ అవ్వకు తెలుగులో చెప్పి చూడుడు. చెప్పగలిగినచో మీకు రెండు భాషలును వచ్చినట్లే. చెప్పలేకున్నచో పాఠమే సరిగా అర్థము కాలేదని తెలియుడు. వారమున కొక్క ఉత్తరమైన తెలుగులో వ్రాయుడు.

తల్లిదండ్రులారా! ఆనాడు ఆ తండ్రికి టి.సి. వ్రాసి యిచ్చి ఊరకుంటిని. చెప్పవలసిన మాటను నేడు మీకందరకు చెప్పుచున్నాను. బిడ్డను మీకు మేలని తోచిన బడికి పంపుడు. ఇంగ్లీషును ఇంటికి అతిథిగా పిలువుడు, కూర్చుండబెట్టుడు. కాని దానికి చోటిచ్చుటకై ఇంటి పెద్దను పీటమీదినుండి లేపకుడు.