బర్గర్ డబ్బు... గుండె జబ్బు

లండన్‌లో హోటల్ తిండికీ, పుట్టపర్తిలో గుండె ఆపరేషన్‌కీ సంబంధం ఏమిటంటారా? ఉంది మరి!

1971 జూన్‌లో ఐజాక్ టిగ్రెట్, పీటర్ మోర్టన్ అనే ఇద్దరు అమెరికా కుర్రాళ్లు లండన్ హైడ్ పార్క్ దగ్గర 'హార్డ్ రాక్ కెఫే' తెరిచారు. తమ దేశపు బర్గర్ ఆ ఊళ్లో సరైనది దొరకడం లేదని వాళ్ల బాధ. గొప్పా బీదా తేడా లేకుండా అందరూ పక్కపక్కన కూర్చుని తినాలన్నది టిగ్రెట్ కోరిక. చెవులు గింగురుమనే పాటలు, తర్వాత్తర్వాత గోడల నిండా గిటార్లు... జనం బారులు తీరారు. ఆ పేరు చివరికి హైదరాబాద్ దాకా వచ్చింది.

టిగ్రెట్ సత్యసాయిబాబా భక్తుడు. అందరినీ ప్రేమించాలి, అందరికీ సేవ చెయ్యాలి అన్న బాబా మాటనే హోటల్ నినాదంగా పెట్టుకున్నాడు. 1988లో వ్యాపారంలో తన వాటా అమ్మేసి, ఆ డబ్బులో పెద్ద మొత్తాన్ని పుట్టపర్తి ఆసుపత్రికి ఇచ్చాడు. 1991 నవంబర్ 22న అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు దాన్ని ప్రారంభించారు. అక్కడ గుండె ఆపరేషన్లు కూడా ఉచితమే.

మెచ్చుకోవలసిందే. కానీ ఎక్కడో ఒక దాత మనసు కరిగితేనే పేదింటి ఆడదాని గుండె బాగుపడాలా? దానం గొప్పదే, హక్కు అంతకన్నా గట్టిది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది మూడు జిల్లాల్లో... అనంతపురం, శ్రీకాకుళం, మన మహబూబ్‌నగర్. మక్తల్ అప్పుడు ఆ జిల్లాలోదే. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో పరిమితి 10 లక్షలకు పెరిగింది. ఆ నెలలోనే ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ప్రయాణమూ ఉచితమైంది.

ఇన్ని ఉన్నా ఆడవాళ్లు దవాఖానకు ఆలస్యంగానే వెళ్తున్నారు. ఎందుకని? పట్నంలో పది రోజులుంటే ఇంట్లో రొట్టెలు చేసేదెవరు? పిల్లల్ని చూసేదెవరు? కూలి పోతే ఇచ్చేదెవరు? ఈ లెక్క ఏ కార్డులోనూ లేదు.

చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత వచ్చే కీళ్ల జ్వరం కొందరిలో గుండె కవాటాలను పాడుచేస్తుంది. ఆ సంగతి చాలామందికి కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం వచ్చాకే బయటపడుతుంది. "నీళ్లు మోస్తే ఆయాసం రాదా?" అని మనమే సర్దిచెప్పుకుంటాం. వద్దమ్మా! ఆయాసం వస్తోందని ముందు ఇంట్లో చెప్పండి. ఇంట్లో మగవాళ్లు కూడా ఆ పది రోజులు పొయ్యి ముట్టించడం నేర్చుకోవాలి. డబ్బు ఇచ్చేవాళ్లున్నారు, పథకాలూ ఉన్నాయి. ఇక కావలసింది, ఆడదాని ప్రాణానికి కూడా సమయం ఇచ్చే ఇల్లు.