తెర మీది ఆపిలూ... పొయ్యి మీది ఆపిలూ!

సినిమాల్లో ఆపిల్ పండు వేసినన్ని వేషాలు మన కారెక్టర్ ఆర్టిస్టులు కూడా వేసి ఉండరంటే నమ్ముతారా?

జమీందారుగారి డైనింగ్ టేబుల్ మీద గాజుపళ్ళెంలో నిగనిగలాడుతూ కూర్చునేది అదే. పక్కనే చాకు! ఆ చాకుని కెమెరా ఒక్క క్షణం ఎక్కువసేపు చూసిందంటే, ఇంటర్వెల్ లోపల ఎవరికో ఒకరికి మూడిందన్నమాటే. విలన్‌గారు డైలాగు చెప్పేముందు కసుక్కున కొరికేదీ అదే. ఇక ఆస్పత్రి సీను సంగతి చెప్పనే అక్కర్లేదు. గ్లూకోజు సీసా, తెల్లదుప్పటి, తలకో కట్టు, స్టూలు మీద నాలుగు ఆపిల్ పళ్ళు. సెట్టు రెడీ! 1937లో వాల్ట్ డిస్నీ తీసిన 'స్నో వైట్' కార్టూన్ చిత్రంలో దుష్టరాణి విషం పెట్టడానికి ఏరికోరి తెచ్చుకున్నదీ ఈ పండునే.

ఇన్ని వేషాలు కట్టిన పండు పొయ్యెక్కిన సీను మాత్రం మన సినిమాల్లో చూసిన గుర్తు లేదు నాకు. సినిమాలదేం తప్పు లెండి, మన ఇళ్ళల్లోనూ అంతేగా! మామిడికాయ పప్పులో పడుతుంది. అరటికాయ బజ్జీ అవుతుంది. పనసపొట్టు ఆవ పెట్టించుకుని పెళ్ళి విస్తట్లోకి వస్తుంది. ఆపిల్ మాత్రం దూరపు చుట్టంలా ముందు గదిలోనే కూర్చుని వెళ్ళిపోతుంది.

ఆ చుట్టాన్ని ఈ వారం వంటింట్లోకి పిలుద్దాం. దసరా, దీపావళి రోజులు. సిమ్లా పండూ, కాశ్మీరు పండూ బజారులో బండ్ల నిండా ఉండే కాలం. సాయంకాలాలు కాస్త చల్లబడే కాలం కూడా. వెచ్చవెచ్చగా తీపి ఏదైనా పెడితే వద్దనేవారెవరు?

అసలు ఈ వంటకం నాకెలా వచ్చిందో ముందు చెప్పాలి.

1984 దసరా రోజులు. అప్పుడు మేము గుంటూరులో ఉండేవాళ్ళం. మా అమ్మ టైఫాయిడ్‌తో పదిహేను రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చింది. జ్వరమైతే తగ్గింది గానీ, ఆకలి దాంతోపాటే పోయింది. రెండు చెంచాల జావ తాగి గోడవైపు తిరిగి పడుకునేది. చూడటానికి వచ్చినవారల్లా తలా అరడజను ఆపిల్ పళ్ళు. మంచం పక్కన బల్ల నిండిపోయింది. అమ్మకి చూస్తే నమలడానికి నాలుగు పళ్ళు కూడా గట్టిగా లేవు. కోసి ఇస్తే "నాకెందుకే, పిల్లలకి పెట్టు" అనేది.

ఒక రాత్రి నన్ను దగ్గరికి పిలిచింది. "ఒసే, నిన్న ఆరు, ఇవాళ పన్నెండు. నేనింక లేవనని ఊరందరికీ తెలిసిపోయినట్టుందే!" అంది.

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మన ఇళ్ళల్లో అప్పట్లో ఆపిల్ అంటే రోగి పండే కదా! ఎన్ని పళ్ళొస్తే అంత జబ్బని ఆవిడ లెక్క వేసుకుంటోంది. ఆ బల్ల మీది పళ్ళు ఆవిడని పలకరిస్తున్నట్టు లేవు, సాగనంపుతున్నట్టున్నాయి.

మర్నాడు పక్కింటి డాక్టరుగారి భార్యతో చెప్పుకుని ఏడ్చాను. వాళ్ళు ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో ఎనిమిదేళ్ళు ఉండి వచ్చినవారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "వదినగారూ, అక్కడ సెప్టెంబరు వచ్చి ఆకులు రాలడం మొదలెడితే ఆపిల్ పళ్ళని బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చోరండీ. ముక్కలు కోసి, పైన పిండి పొడి చల్లి ఓవెన్‌లో పెట్టేస్తారు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వేడివేడిగా తింటారు. మూకుడు తియ్యండి, చేసి చూపిస్తాను" అన్నారు.

దాని పేరు ఆపిల్ క్రంబుల్. పొడిపొడిగా రాలేదని అర్థం. పెద్ద హంగూ ఆర్భాటం లేని వంటకం. రెండో ప్రపంచయుద్ధంలో, 1940 జనవరి నుంచి ఇంగ్లండులో వెన్నకీ చక్కెరకీ రేషన్ వచ్చింది. అప్పడంలా పిండి వత్తి, పండు చుట్టూ కప్పి చేసే 'పై'కి వెన్న ఎక్కువ కావాలి. దీనికి తక్కువ చాలు. అందుకే ఆ రోజుల్లో ఇది ఇంటింటి వంటకమైంది.

వాళ్ళకి వంట కోసమే ఒక పుల్లని ఆపిల్ ఉంది. పేరు బ్రామ్లీ. దాని కథ సినిమావాళ్ళు తప్పక వినాలి. 1809లో సౌత్‌వెల్ అనే ఊళ్ళో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫోర్డ్ అనే చిన్నపిల్ల గింజలు నాటితే మొలిచిన చెట్టది. 1846లో ఆ ఇల్లు మాథ్యూ బ్రామ్లీ అనే మాంసం దుకాణం ఆయన కొనుక్కున్నాడు. పదేళ్ళ తర్వాత మెర్రీవెదర్ అనే కుర్రాడొచ్చి అంటుకొమ్మలు అడిగితే, "తీసుకెళ్ళు, కానీ నా పేరే పెట్టాలి" అన్నాడట. నాటిందొకరు, టైటిల్ కార్డు మరొకరిది! మన కథారచయితలకి ఇదేమంత కొత్త లెండి.

మనకి దొరికేవి తియ్యటి పళ్ళు. వాటి వెనకా ఒక కథ ఉంది. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా యువకుడు 1904లో కుష్ఠురోగులకి సేవ చెయ్యడానికి మన దేశం వచ్చి, సిమ్లా కొండల్లో కోట్‌గఢ్‌లో స్థిరపడిపోయాడు. 1916 ప్రాంతంలో అమెరికా నుంచి డెలీషియస్ రకం మొక్కలు తెప్పించి నాటాడు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకి వెళ్ళాడు, 1932లో సత్యానంద్ అని పేరు మార్చుకున్నాడు. ఈనాటి సిమ్లా పండుకి ఆయనే పెద్దదిక్కు. అయితే పండు తియ్యన కాబట్టి పులుపు మనమే చేర్చాలి. నిమ్మకాయ ఉండనే ఉంది!

సరే, చెంగు దోపుకోండి. ఇది నలుగురికి లెక్క.

పండు భాగానికి: మధ్యరకం ఆపిల్ పళ్ళు నాలుగు, చక్కెర మూడు పెద్ద చెంచాలు, అర చెక్క నిమ్మరసం, అంగుళం దాల్చినచెక్క, నెయ్యి ఒక చెంచా, నీళ్ళు పావు గ్లాసు.

పొడి భాగానికి: గోధుమపిండి 100 గ్రాములు, వెన్న గానీ పేరిన నెయ్యి గానీ 50 గ్రాములు, పొడిచేసిన చక్కెర 50 గ్రాములు, చిటికెడు ఉప్పు, పలుకులుగా చేసిన జీడిపప్పు కొంచెం.

పళ్ళు చెక్కు తీసి, గింజలు తీసేసి, చిన్న ముక్కలు కొయ్యండి. వెంటనే నిమ్మరసం కలపండి, నల్లబడవు. గిన్నెలో నెయ్యి వేసి, దాల్చినచెక్క, ముక్కలు, చక్కెర, నీళ్ళు వేసి మూత పెట్టి సన్నటి సెగ మీద పది పన్నెండు నిమిషాలు ఉంచండి. ముక్క గరిటెకి లొంగితే చాలు. పెద్దవాళ్ళ కోసమైతే ఇంకాస్త ఉడికించి మెదపండి.

ఈలోగా పిండిలో ఉప్పూ వెన్నా వేసి వేళ్ళ కొసలతో నలపండి. చపాతీపిండిలా పిసికారో, సీను చెడిపోయిందన్నమాటే! బొంబాయిరవ్వలా పొడిపొడిగా ఉండాలి. దాన్ని మందపాటి మూకుట్లో జీడిపప్పుతో కలిపి, సన్నసెగ మీద కదుపుతూనే వేయించండి. పది నిమిషాలకి బిస్కెట్ వాసనతో బంగారు రంగు తిరుగుతుంది. దించి, కాస్త వేడి తగ్గాక చక్కెర కలపండి. పొయ్యి మీదే వేశారంటే కరిగి ముద్ద కడుతుంది.

తినేముందు మాత్రమే వేడి పండు మీద ఈ పొడి చల్లండి. ముందే చల్లితే మెత్తబడి కరకర పోతుంది. ఓవెన్ ఉన్నవాళ్ళు పచ్చి ముక్కల మీద, చక్కెర కలిపిన పచ్చి పొడి చల్లి 180 డిగ్రీల సెల్సియస్‌లో 40 నిమిషాలు పెడితే సరి. పైన గోరువెచ్చటి కస్టర్డ్ పోసుకుంటే మరీ మజా. గుడ్డు తిననివారు కస్టర్డ్ పొడికి జంకక్కర్లేదు. భార్యకి గుడ్డు పడదని 1837లో బర్మింగ్‌హామ్ మందులషాపు యజమాని ఆల్ఫ్రెడ్ బర్డ్ గుడ్డు లేకుండా కనిపెట్టినదే అది. వాడిపోయి ముడతలు పడ్డ పళ్ళూ దీనికి పనికొస్తాయి. కుళ్ళినవి మాత్రం వద్దు.

ఆ సాయంత్రం గిన్నె తీసుకెళ్ళి అమ్మ మంచం పక్కన పెట్టాను. దాల్చినచెక్క వాసనకి పిల్లలు పరుగెత్తుకొచ్చారు. మావారూ, వదినగారూ వచ్చి కూర్చున్నారు. అమ్మ మెల్లగా లేచి కూర్చుంది.

"ఇది రోగులకా, అందరికా?" అని అడిగింది.

"అందరికీనమ్మా. అన్నీ ఒక్క గిన్నెలోవే" అన్నాను.

చిన్న కప్పు తిన్నది. ఆఖరున, "అడుగున ఇంకేమైనా ఉందిటే?" అంది. ఇరవై రోజుల్లో ఆవిడ అడిగి పెట్టించుకున్నది అదే మొదటిసారి. వదినగారు మొహం అటు తిప్పుకుని పమిటతో కళ్ళు ఒత్తుకున్నారు.

పండు బతికించిందని నేననను. మందులే బతికించాయి. కానీ నలుగురితో కలిసి తింటున్నానన్న ధైర్యం మందుసీసాలో దొరకదు కదండీ! అమ్మ ఆ తర్వాత ఇంకా ఏడు దసరాలు చూసింది. ప్రతి దసరాకీ, "ఆ పొడిపొడి తీపి చెయ్యవే" అని తనే గుర్తుచేసేది.

ఈసారి ఎవరినైనా పలకరించడానికి ఆపిల్ పళ్ళు పట్టుకెళితే బల్ల మీద పెట్టి వచ్చెయ్యకండి. వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి, రెండు పళ్ళు కోసి, పొయ్యి వెలిగించండి. వేడివేడిగా వాళ్ళతో కలిసి మీరూ ఓ కప్పు తినండి.

ఉంటాను మరి. వచ్చేవారం ఇంకో వంటతో కలుద్దాం!