పొద్దుటి పళ్లెంలో ఏముంది?

పొద్దున్నే కడుపు నిండా టిఫిన్ తినే పిల్లలు లావెక్కరని, మానేసేవాళ్లే లావెక్కుతారని చాలాకాలంగా వింటున్నాం. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కొందరు పరిశోధకులు ఈ నమ్మకాన్ని బడుల్లోనే పరీక్షకు పెట్టారు. పేదల పిల్లలు ఎక్కువగా చదివే 16 బడులను తీసుకున్నారు. సగం బడుల్లో అల్పాహారాన్ని తరగతి గదిలోనే అందరికీ ఉచితంగా ఇచ్చి, మంచి తిండి గురించి పాఠాలు కూడా చెప్పించారు. మిగతా బడుల్లో బెల్లు కొట్టకముందు క్యాంటీన్‌లో తినే పాత పద్ధతే సాగింది. నాలుగు నుంచి ఆరో తరగతి వరకు చదువుతున్న 1,362 మంది పిల్లల ఎత్తు, బరువు రెండున్నరేళ్ల పాటు కొలిచారు. 2019లో వెలువడిన ఫలితం వాళ్లు కోరుకున్నది కాదు. అధిక బరువు, ఊబకాయం రెండూ కలిపి చూస్తే రెండు రకాల బడులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఊబకాయం ఒక్కటే విడదీసి చూస్తే, కొత్తగా దాని బారిన పడినవారు తరగతిలో అల్పాహారం పెట్టిన బడుల్లో 11.6 శాతం, పెట్టని బడుల్లో 4.4 శాతం.

అదే దేశంలో న్యూహేవెన్ నగరంలోని 12 బడుల్లో, ఐదు నుంచి ఏడో తరగతికి వచ్చేదాకా 584 మంది పిల్లలను గమనించిన మరో అధ్యయనం 2016లో ఇంకో మాట చెప్పింది. తరచూ అల్పాహారం మానేసే పిల్లల్లో అధిక బరువు ముప్పు, రెండుసార్లు తినేవారితో పోలిస్తే, రెట్టింపుకు పైనే ఉంది. ఇంట్లో ఒకసారి, బడిలో ఒకసారి తిన్న పిల్లలు మాత్రం మిగతావాళ్లకంటే ఎక్కువేమీ పెరగలేదు.

పైకి ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. కానీ న్యూహేవెన్‌లో చేసింది గమనించడం మాత్రమే. టిఫిన్ మానేసే పిల్లలు రాత్రి ఆలస్యంగా పడుకునేవాళ్లు కావచ్చు, ఇంట్లో పొద్దున్నే వండిపెట్టే తీరిక లేనివాళ్లు కావచ్చు, పది గంటలకల్లా చిప్స్ ప్యాకెట్ కొనుక్కునేవాళ్లు కావచ్చు. బరువు పెరగడానికి మానేసిన టిఫిన్ ఎంత కారణమో, దాని చుట్టూ ఉన్న జీవితం ఎంత కారణమో అలాంటి అధ్యయనం తేల్చలేదు. పెద్దవాళ్ల మీద జరిగిన 13 ప్రయోగాలను ఆస్ట్రేలియా పరిశోధకులు ఒకచోట చేర్చి 2019లో చూసినప్పుడు, అల్పాహారం తిన్నవారే సగటున దాదాపు అరకిలో ఎక్కువ బరువు తూగారు. పెద్దల లెక్క పిల్లలకు వర్తించదు, నిజమే. అయినా ఒక సంగతి స్పష్టం. టిఫిన్ బరువు తగ్గించే మందు కాదు. పిల్లలకు అది ఎందుకు కావాలో చెప్పడానికి వేరే బలమైన కారణాలున్నాయి. బరువు విషయానికి వస్తే చూడాల్సింది ఆ పళ్లెంలో ఏముంది, ఎంత చాలో ఎవరు తేలుస్తున్నారు అన్నదే.

తెలుగు రాష్ట్రాలకు ఈ ప్రశ్న ఎంత దగ్గరిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపిస్తుంది. 2019-21 నాటి ఐదో సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేకుండా గిడసబారినవారు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. ప్రతి ముగ్గురిలో ఒకరన్నమాట. అదే సర్వేలో అధిక బరువున్న చిన్నారులు తెలంగాణలో 3.4 శాతం, ఆంధ్రలో 2.7 శాతం. అంతకుముందు నాలుగైదేళ్ల కిందటి సర్వేలో ఇవి 0.7, 1.2 శాతాలే. అంకె ఇప్పటికీ చిన్నదే కానీ పెరిగిన వేగం చిన్నది కాదు. ప్రపంచమంతటా బడి ఈడు పిల్లల్లో ఊబకాయులు 9.4 శాతానికి చేరి, తక్కువ బరువున్న 9.2 శాతాన్ని తొలిసారి దాటేశారని యునిసెఫ్ 2025లో ప్రకటించింది. మనం ఇంకా ఆ మలుపు దాటలేదు. ఆకలి వదలకముందే ఊబకాయం గుమ్మంలోకి వచ్చిన చోట ఉన్నాం.

పైగా మన పిల్లల ఒంటి తీరు వేరు. పుణె కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి పల్లెల్లో పుట్టిన శిశువులను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చింది. మన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్లది 3.5 కిలోలు. అంత చిన్నగా పుట్టినా మన శిశువుల్లో తగ్గింది ప్రధానంగా కండ. చర్మం కింది కొవ్వు పెద్దగా తగ్గలేదు. పెద్దయ్యాక నలభై దాటకుండానే షుగర్ వ్యాధి ఇన్ని ఇళ్ల తలుపు తడుతోందంటే దాని వేళ్లు ఇక్కడా ఉన్నాయి. కండ పెంచే తిండి తగ్గించి, పిండి, చక్కెరలతో బరువు మాత్రం పెంచడం ఇలాంటి ఒంటికి రెండింతల నష్టం.

ఇక ఇంట్లోకి వద్దాం. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలున్న ఏ ఇంట్లోనైనా వినిపించే ఫిర్యాదు ఒకటే: 'వీడికి తిండి సయించడం లేదు, ఒళ్లు చేయడం లేదు.' అమ్మమ్మ బుగ్గలు పట్టుకు చూసి చిక్కిపోయాడంటుంది. పక్కింటి బొద్దు పిల్లాడితో పోలిక మొదలవుతుంది. నిజానికి ఆ వయసులో సన్నబడడం పిల్లల సహజ గుణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం 3.3 కిలోలతో పుట్టిన మగపిల్లాడు మొదటి పుట్టినరోజుకు దాదాపు 9.6 కిలోలకు చేరతాడు, అంటే ఒక్క ఏడాదిలో ఆరు కిలోలకు పైగా. ఆ తర్వాత ఏటా పెరిగేది రెండు కిలోల చిల్లరే. ఐదేళ్లు నిండేసరికి ఉండాల్సిన బరువు 18 కిలోల పైచిలుకు. ఎత్తుతో చూస్తే బరువు మొదటి ఏడాది తర్వాత తగ్గుతూ వచ్చి, ఐదారేళ్ల దగ్గర అడుగుకు చేరి, అక్కడి నుంచి మళ్లీ పెరగడం మొదలవుతుంది. ఆ పెరుగుదల మూడు, నాలుగేళ్లకే మొదలైన పిల్లలకు తర్వాత ఊబకాయం వచ్చే అవకాశం ఎక్కువని వైద్యులు గమనించారు. పక్కటెముకలు కాస్త కనిపించే నాలుగేళ్ల పిల్లాడిని చూసి కంగారుపడే ఇల్లు, అదే వయసులో గుండ్రంగా తయారవుతున్న పిల్లను చూసి మురిసిపోతోంది. కంగారు పడాల్సిన చోటు తారుమారైంది.

ఆ కంగారులోంచే పొద్దుటి గ్లాసు పుట్టింది. ఏడింటికి బస్సు. ఆరున్నరకు లేచిన యూకేజీ పిల్ల కళ్లు నలుపుకుంటూ ఇడ్లీ తినదు. పాలు ఒక గ్లాసు, అందులో రెండు చెంచాల మాల్ట్ పొడి, 'తాగుతుందిలే' అని ఒక చెంచా పంచదార, పక్కన నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు. లెక్క వేసి చూడండి. పొడిలోని చక్కెర రకాన్ని బట్టి ఆరేడు గ్రాములు, చెంచా పంచదార ఐదు గ్రాములు, బిస్కెట్ బరువులో సుమారు పావు వంతు చక్కెరే కనుక నాలుగింటిలో మరో ఐదు గ్రాములు. మొత్తం 17 గ్రాములకు అటూ ఇటూ. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు కావాల్సిన శక్తి దాదాపు 1,360 కేలరీలని భారత వైద్య పరిశోధన మండలి అంచనా. అందులో అదనపు చక్కెర ఐదు శాతం దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ ఐదు శాతం అంటే సరిగ్గా 17 గ్రాములు. బస్సు ఎక్కకముందే ఆ రోజు కోటా అయిపోయింది. ఇంకా లంచ్ బాక్సులోని జామ్ రొట్టె, సాయంత్రం చాక్లెట్, పుట్టినరోజు కేకు మిగిలే ఉన్నాయి.

4 నుంచి 10 ఏళ్ల పిల్లలు తీసుకునే కేలరీల్లో 13 శాతం చక్కెర నుంచే వస్తోందని సీబీఎస్ఈ 2025 మేలో బడులకు పంపిన సర్క్యులర్‌లో రాసింది. బడి గోడల మీద 'షుగర్ బోర్డులు' పెట్టమంది. అంతకు ఏడాది ముందు, 2024 ఏప్రిల్‌లో, ఇలాంటి పొడులను 'హెల్త్ డ్రింక్స్' విభాగంలో అమ్మవద్దని కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. పేరు మారింది. కిరాణా కొట్టు అరలో డబ్బా, వంటింట్లో అలవాటు మారలేదు.

మన వంటింట్లో మంచి టిఫిన్‌కు కొదవ లేదు. పెసరట్టు సంగతే తీసుకోండి. పప్పును నానబెట్టి రుబ్బి కాల్చితే చాలు, కండ పెంచే ప్రొటీన్ దానిలోనే ఉంది. ఇడ్లీలో మినప్పప్పు ఉంది, పక్కన సాంబారో పల్లీ చట్నీయో పడితే ఇంకా మేలు, ఓ గుడ్డు చేరితే మరో ఆరు గ్రాముల ప్రొటీన్. వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెబుతాయి. బియ్యంలో అది పది కూడా ఉండదు. రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలిపి, ఉల్లిపాయతో పెట్టే చద్దన్నం కూడా బిస్కెట్ల కంటే ఎన్నో మెట్లు పైన. రాగిజావ పేరుతో గరిటెడు బెల్లం పోస్తే మాత్రం మళ్లీ మొదటికే వస్తాం. బెల్లమైనా చక్కెరే.

పెట్టేది బాగున్నా పెట్టే తీరు చెడగొట్టవచ్చు. చేతిలో ఫోను, దానిలో బొమ్మల పాట, నోట్లో ముద్ద. పిల్ల తల తిప్పుకున్నా మరో ముద్ద. ఆకలి, కడుపు నిండడం తెలుసుకునే శక్తి పిల్లలకు పుట్టుకతోనే ఉంటుంది. తెర చూస్తూ తినిపించే ఏడాది, రెండేళ్లలో దాన్ని పెద్దలే మొద్దుబారుస్తారు. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో తల్లిదండ్రులు చూసుకోవాలి. ఎంత తినాలో పిల్లకు వదిలేయాలి. ఒకపూట రెండు ముద్దలతో లేచిపోయినా మధ్యాహ్నం ఆ లోటు తీర్చుకుంటుంది. నిద్ర ఇందులో మరో సగం. రాత్రి పదకొండుకు పడుకున్న పిల్లకు పొద్దున ఆకలి వేయమంటే ఎలా వేస్తుంది?

ఇదంతా వండిపెట్టే మనిషి, సమయం ఉన్న ఇంటి సంగతి. తెల్లారేసరికి తల్లిదండ్రులిద్దరూ కూలికి వెళ్లిపోయే ఇంట్లో పిల్ల ఖాళీ కడుపుతో బడికి వచ్చి, మధ్యాహ్న భోజనం దాకా అలాగే కూర్చుంటుంది. బడి దగ్గర ఐదు రూపాయల ప్యాకెట్ కొనుక్కుంటే అదే టిఫిన్. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న తిండి బడికి 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన తెచ్చింది. ఏ బడి గేటు ముందు నిలబడి చూసినా దాని అమలు తెలిసిపోతుంది.

ఈ పిల్లల కోసమే 2020 జాతీయ విద్యా విధానం బడిలో అల్పాహారం పెట్టాలంది. ఏటా దాదాపు రూ.4,000 కోట్లు అవుతుందన్న ప్రతిపాదనకు మరుసటి ఏడాది కేంద్ర ఆర్థిక శాఖ ఒప్పుకోలేదు. తమిళనాడు కేంద్రం కోసం ఆగలేదు. 2022 సెప్టెంబర్ 15న మదురైలో ప్రారంభించి, తొలుత రాష్ట్రంలోని 1,545 ప్రాథమిక బడుల్లో అమలుచేసి, 2023 ఆగస్టుకల్లా సుమారు 31 వేల బడులకు, 17 లక్షల మంది పిల్లలకు విస్తరించింది. ఉప్మా, కిచిడీ, పొంగల్, వాటితో కూరగాయల సాంబారు. తెలంగాణ 2023 అక్టోబర్ 6న ఇలాంటి పథకమే ప్రారంభించింది. ఆ డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. బడులన్నిటికీ చేరకముందే అది ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్ 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టింది. పార్టీతో పాటు పిల్లల టిఫిన్ మారిపోవడం సిగ్గుచేటు. ఇలాంటి పథకం ఏ ముఖ్యమంత్రి పేరు మీద ఉన్నా అది పిల్లల హక్కుగా నిలవాలి.

అయితే ఫిలడెల్ఫియా చెప్పింది కూడా మరచిపోకూడదు. ఏదో ఒకటి పెట్టేస్తే సరిపోదు. బడిలో పెట్టే టిఫిన్‌లో పప్పో గుడ్డో తప్పనిసరి కావాలి, తీపి తగ్గాలి, ఇంట్లో తిని వచ్చిన పిల్లను మళ్లీ తినమని బలవంతం చేయకూడదు. ఫలితం ఏమిటో కొలవాలి. అంగన్‌వాడీలో కొలిచే ఎత్తు, బరువు ఒకటో తరగతిలోకి రాగానే ఆగిపోనక్కర్లేదు. ప్రతి బడిలో జూన్‌లో ఒకసారి, జనవరిలో ఒకసారి కొలిచి, భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో మన పిల్లల కోసమే తయారుచేసిన గ్రాఫు మీద చుక్క పెట్టి ఇంటికి పంపాలి. చుక్క ఒక గీత వెంటే నడుస్తుంటే పిల్ల సన్నగా ఉన్నా దిగులు లేదు. గీతలు దాటుకుంటూ పైకో కిందికో వెళ్తుంటే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. దీనికి కావాల్సింది ఒక తూకం, ఒక కొలబద్ద. ప్రభుత్వ బడైనా ప్రైవేటు బడైనా, వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఆ గ్రాఫు కూడా చూపించమని తల్లిదండ్రులు అడగాలి.